బైండింగ్ షాపులోంచి వచ్చినవాడు

పోయిన నెల ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ రికార్డు బైండింగ్ చేయించడానికి కోఠి వెళ్ళాను. నేనుండేది అశోక్‌నగర్‌లో, గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న మా అన్నయ్య రూములో. పక్కనే చిక్కడపల్లిలో బైండింగ్ షాపులకు కొదవేం లేదు. అయినా కోఠి వెళ్ళే వంక దొరికితే నేను వదలను. పాత పుస్తకాలు తిరగేయొచ్చు, గుజరాతీ గల్లీలో వైరు బేరమాడొచ్చు, వచ్చేటప్పుడు నారాయణగూడలో దిగి టీ తాగొచ్చు.

ఆ రికార్డులో ఒక దొంగ పేజీ ఉంది. మన మ్యాగజైనే కదా, చెప్పేస్తున్నా. డీసీ షంట్ జనరేటర్ ప్రయోగం రోజు మా బ్యాచ్ మెషీన్ మొండికేసింది. షాఫ్టు ఫుల్ స్పీడులో తిరుగుతోంది, వోల్ట్‌మీటర్ ముల్లు మాత్రం 6 వోల్టుల దగ్గర కూర్చుని లేవనంటోంది. రావలసింది 200 పైమాటే. టైమైపోయింది. నలుగురం కలిసి ఒక సీనియర్ రికార్డు తెచ్చుకుని రీడింగులు దించేశాం. గ్రాఫ్ అయితే టెక్స్ట్‌బుక్కులో బొమ్మలా వచ్చింది.

బైండింగ్ షాపులో కాగితాలు సర్దుతున్న కుర్రాడు సరిగ్గా ఆ గ్రాఫ్ దగ్గరే ఆగాడు. మిగతా గ్రాఫుల్లో గీత సున్నా దగ్గర మొదలైంది కదా, దీంట్లో కొంచెం పైనుంచి ఎందుకు మొదలైంది అని అడిగాడు. గీసింది నేనే, కానీ ఎందుకో నాకు తెలియదు. ఏదో గొణిగి, గురువారం వస్తానని చెప్పి బయటపడ్డాను.

బస్సెక్కాక గుర్తొచ్చింది, ఫారడే కూడా బైండింగ్ షాపు కుర్రాడేనని. మనకి ఫారడే అంటే ఒక ఫార్ములా: మైనస్ ఎన్, డీ ఫై బై డీ టీ, రెండు మార్కులు. ఆ మనిషి గురించి ఎప్పుడైనా చదివామా? ఆ వారమంతా సాయంత్రాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, రాత్రులు ఫోన్లో, దొరికినంతా చదివాను.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివార్లలో, న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి కమ్మరి. ఒంట్లో బాగుండక పనికి పోలేని రోజులు చాలా ఉండేవి. 1801లో తిండి ధరలు మండిపోయినప్పుడు తొమ్మిదేళ్ళ మైకేల్ చేతికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవారట, దాన్నే ఏడు రోజులూ సర్దుకోవాలి. బడి చదువంటే చదవడం, రాయడం, కాస్త కూడికలూ తీసివేతలూ. జీవితాంతం అతని లెక్కలు ఇంచుమించు అక్కడే ఉండిపోయాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

1804లో, పదమూడేళ్ళప్పుడు, జార్జ్ రీబో అనే ఆయన పుస్తకాల షాపులో పనికి కుదిరాడు. మొదట పేపర్లు వేసే పని. అప్పట్లో పేపరు ఖరీదు కాబట్టి అద్దెకిచ్చేవారు, ఒక ఇంట్లో చదివాక తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో ఇవ్వాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర మూసీ ఒడ్డున కర్క్‌పాట్రిక్ దొరగారి రెసిడెన్సీ లేస్తోంది, అంటే తర్వాత ఉమెన్స్ కాలేజీ అయిన భవనం, కోఠికి ఆ పేరు తెచ్చిన కోఠి. లండన్‌లో రొట్టెకి లెక్క, ఇక్కడ స్తంభాలకి లెక్కలేదు.

ఏడాది తిరిగాక రీబో అతన్ని బైండింగ్ పనికి ఏడేళ్ళ ఒప్పందం మీద పెట్టుకున్నాడు. ఫారాలు మడవాలి, దారంతో కుట్టాలి, వెన్నుకి జిగురు రాసి అట్ట వేయాలి. కుర్రాడు కుట్టిన పుస్తకాన్ని వదలకుండా చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా బైండింగుకి వస్తే అందులో విద్యుత్తు మీద వ్యాసం దొరికింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ మామూలు జనం కోసం రాసిన కెమిస్ట్రీ పుస్తకం దొరికింది. చదివి ఊరుకుంటేనా, పుస్తకంలో రాసింది నిజమో కాదో చేసి చూడాలి. సీసాలూ పాత సామానూ కొని చిన్న విద్యుత్ యంత్రం కట్టుకున్నాడు. రీబో తిట్టలేదు సరికదా, వచ్చిన ఖాతాదార్లకి మా కుర్రాడు చూడండి అని చూపించేవాడు. రీబో ఏమీ కనిపెట్టలేదు కాబట్టి సిలబస్‌లో ఉండడు. నా లెక్కలో మాత్రం ఈ కథలో మంచి గురువు ఆయనే.

టాటమ్ అనే ఆయన సాయంత్రాలు చెప్పే సైన్సు ఉపన్యాసాలకి టికెట్టు ఒక షిల్లింగు. కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ ఆ డబ్బులిచ్చేవాడు. (ఈ వాక్యం మా అన్నయ్యకి చదివి వినిపించాను. మెస్ బిల్లు గుర్తుచేశాడు.)

1812లో షాపుకొచ్చే ఒక ఖాతాదారు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకి టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికి ఇంగ్లండులో సైన్సు సూపర్‌స్టార్. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, ఇంటికొచ్చి బొమ్మలతో సహా సాఫీగా మళ్ళీ రాసి, మూడొందల పేజీల దాకా వచ్చిన దాన్ని తనే బైండు చేసి, ఉద్యోగం అడుగుతూ డేవీకి పంపాడు. డిగ్రీ లేదు, రికమండేషన్ లేదు. తనకి వచ్చిన విద్య ఒకటే, పుస్తకం కుట్టడం. దాన్నే దరఖాస్తుగా పంపాడు.

డేవీ పిలిచి మాట్లాడి, సైన్సులో డబ్బు రాదు, బైండింగే చేసుకో అని సలహా ఇచ్చాడు. కొన్నాళ్ళకి ల్యాబ్ అసిస్టెంటు ఎవరితోనో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకుంటే అప్పుడు ఫారడే గుర్తొచ్చాడు. 1813 మార్చి 1న వారానికి 25 షిల్లింగుల జీతం, పైఅంతస్తులో రెండు గదులు, బొగ్గులూ కొవ్వొత్తులతో ఉద్యోగం ఖాయమైంది. ఆ మేడ మీదే నలభై ఏళ్ళు పైగా ఉన్నాడు.

ఆ ఏడాది అక్టోబరులో డేవీ భార్యతో యూరప్ యాత్రకి బయల్దేరి ఫారడేని వెంట తీసుకెళ్ళాడు. చివరి నిమిషంలో డేవీ పనివాడు రానన్నాడు. దాంతో బూట్లూ బట్టలూ చూసే పని కూడా ఫారడే మీదే పడింది. లేడీ డేవీ అతన్ని నౌకరుగానే చూసింది, భోజనం పనివాళ్ళతోనే. అంతా వదిలేసి తిరిగి బైండింగుకి పోదామనుకున్నాడట. పోలేదు, ఎందుకంటే అదే యాత్రలో పారిస్‌లో ఆంపియర్‌ని, మిలాన్‌లో వోల్టాని చూశాడు. మనం యూనిట్లుగా రాసే పేర్లు ఆయన ఎదుట మనుషులుగా నిలబడ్డాయి.

ఇక అసలు సంగతి. 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ ఒక తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరుగుతుందని చూపించాడు. 1821 సెప్టెంబరులో ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతం నిలబెట్టి, పైనుంచి ఒక తీగ వేలాడదీసి కరెంటు పంపాడు. తీగ అయస్కాంతం చుట్టూ ప్రదక్షిణ చేసింది. ప్రపంచంలో మొదటి మోటారు అదే. అప్పటికి పెళ్ళయి మూడు నెలలు.

ఆనందం వారాలు కూడా నిలవలేదు. వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్తకి ఇలాంటి ఆలోచన ఒకటి ముందే ఉంది, డేవీతో చర్చించాడు కూడా. ఫారడే పేపరులో ఆయన పేరు లేదు. నిజానికి వోలాస్టన్ ఊహించింది వేరు, తీగ తన చుట్టూ తను తిరుగుతుందని. అయినా అసిస్టెంటు కుర్రాడు పెద్దాయన ఐడియా కొట్టేశాడని లండనంతా గుసగుసలు. వోలాస్టన్ పట్టించుకోలేదు, హుందాగానే ఉన్నాడు. మచ్చ మాత్రం పోలేదు. 1824లో ఫారడేని రాయల్ సొసైటీకి ఎన్నుకునేటప్పుడు అధ్యక్షుడి కుర్చీలో ఉన్న డేవీయే వద్దన్నాడు. పెట్టెలో ఒకే ఒక్క వ్యతిరేక ఓటు పడింది. ఎవరిదో పైకి తెలియదు.

డేవీని విలన్ చేయడం తేలిక. ఆయన లేకపోతే ఫారడే బైండింగ్ షాపులోనే ఉండేవాడు. కానీ తను పైకి తెచ్చిన కుర్రాడు తనని మించిపోతుంటే చూసి ఓర్చుకోవడానికి వేరే రకం పెద్దమనసు కావాలి, అది ఆయనకి లేకపోయింది. తర్వాత కొన్నేళ్ళపాటు ఫారడే టైమంతా రాయల్ సొసైటీ తరఫున టెలిస్కోపుల గాజు మెరుగుపరిచే పనికే పోయింది. డేవీ 1829లో చనిపోయాడు. 1831లో ఫారడే గాజు పని పక్కన పెట్టాడు.

పదేళ్ళుగా ఆయన బుర్రలో ఒకటే ప్రశ్న. కరెంటు అయస్కాంతత్వాన్ని పుట్టిస్తే, అయస్కాంతత్వం కరెంటుని ఎందుకు పుట్టించదు? 1825లోనే పక్కపక్కన రెండు తీగలు పెట్టి, ఒకదాంట్లో కరెంటు పంపి, రెండోదాంట్లో వస్తుందేమో చూశాడు. రాలేదు. ఏమీ కనబడలేదని డైరీలో రాసిపెట్టాడు. ఆయన డైరీల్లో ఇలాంటి ఎంట్రీలు లెక్కలేనన్ని.

1831 ఆగస్టు 29. ఆరంగుళాల వెడల్పున్న మెత్తని ఇనుప రింగు. ఒక సగం మీద ఒక రాగితీగ చుట్ట, రెండో సగం మీద ఇంకోటి. మనం కొనే ఎనామిల్ పూసిన వైరు అప్పుడు లేదు. వట్టి తీగ చుట్టుకుంటూ, వరసకీ వరసకీ మధ్య గుడ్డా పురికొసా పెట్టుకుంటూ పోవాలి. ఎన్ని గంటలు పట్టిందో! దారంతో కుట్టడం, గుడ్డ అంటించడం చిన్నప్పటినుంచీ చేసిన చేతులు కాబట్టే ఓపిక పట్టాయని నా ఊహ.

ఒక చుట్టని బ్యాటరీకి కలిపాడు. రెండో చుట్ట చివర్లు దూరంగా ఒక దిక్సూచి ముల్లు మీదుగా పోయే తీగకి కలిపాడు. బ్యాటరీ కలిపిన క్షణం ముల్లు ఊగింది. ఊగి, మళ్ళీ యథాస్థానంలో ఆగిపోయింది. కరెంటు ఇంకా పారుతూనే ఉంది, ముల్లు కదలదు. బ్యాటరీ తీసేసిన క్షణం మళ్ళీ ఊగింది.

ఈ ప్రయోగం అర్థమైందనుకుని గుజరాతీ గల్లీలో సన్న ఎనామిల్ వైరు కొని, పీవీసీ పైపు ముక్క మీద మూడొందల చుట్లు చుట్టాను. పాడైన స్పీకరు అయస్కాంతం పగలగొట్టి తీశాను. మల్టీమీటర్ పెడితే సున్నా. గంట తలబాదుకున్నాక తెలిసింది, తీగ కొసల్లో ఎనామిల్ గీకలేదని. బ్లేడుతో గీకి, అయస్కాంతం ముక్కని పైపులో పెట్టి చూస్తే మళ్ళీ సున్నా. విసుగొచ్చి లాగేసినప్పుడు అంకెలు ఒక్కసారి ఎగిరాయి. పెట్టాను, ఎగిరాయి. లోపల కదలకుండా ఉంచాను, సున్నా. అర్ధరాత్రి దాకా పెట్టడం, తీయడం. మా అన్నయ్య పాలిటీ పుస్తకంలోంచి తలెత్తి చూసి లైటు ఆర్పేశాడు.

మనకి సమాధానం ముందే తెలుసు కాబట్టి ఇది తేలిక అనిపిస్తుంది. అప్పుడు అందరూ వెతికింది నిలకడగా పారే కరెంటు కోసం. అయస్కాంతాన్ని పక్కన పెడితే చాలు, కరెంటు పారుతూ ఉంటుందని ఆశ. జెనీవాలో కోలాడాన్ అనే ఆయన 1825లోనే ఒక చుట్టలోకి అయస్కాంతం దూర్చాడు. దాని ప్రభావం మీటర్ మీద పడకూడదని మీటర్ని పక్క గదిలో పెట్టాడు. అయస్కాంతం దూర్చి, నడిచి ఆ గదిలోకి వెళ్ళేసరికి ముల్లు ఊగడం అయిపోయి మామూలుగా ఉంది. ఒక అసిస్టెంటు ఉండి ఉంటే ఆ ఫార్ములాకి మనం కోలాడాన్ పేరు రాసేవాళ్ళం. అమెరికాలో జోసెఫ్ హెన్రీ సొంతంగా దీన్నే పట్టుకున్నాడు, కానీ ప్రచురించడం ఆలస్యమైంది.

ఫారడే ఆ ఒక్క ఊపుని దిక్సూచి వణుకు అని కొట్టిపారేయలేదు. కలిపినప్పుడు ఒకవైపు, తీసినప్పుడు రెండోవైపు ఊగిందంటే, కరెంటుని పుట్టిస్తున్నది అయస్కాంతత్వం కాదు, అయస్కాంతత్వంలో వచ్చే మార్పు. డీ ఫై బై డీ టీలో ఫై కంటే ఆ డీ టీయే ముఖ్యం అన్నమాట. అక్టోబరు 17న ఇనుము, బ్యాటరీ రెండూ తీసేసి, కాగితపు గొట్టం మీద చుట్టిన తీగలోకి ఎనిమిదిన్నర అంగుళాల కడ్డీ అయస్కాంతాన్ని దూర్చాడు, లాగాడు. ముల్లు కదిలింది. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య పన్నెండంగుళాల రాగి పళ్ళాన్ని తిప్పాడు. తిప్పినంతసేపూ కరెంటు వస్తూనే ఉంది. అది మొదటి జనరేటర్. తొమ్మిది వారాల్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి జనరేటర్ దాకా వచ్చేశాడు. నవంబరు 24న రాయల్ సొసైటీలో పేపరు చదివారు.

దీని వల్ల ఉపయోగమేంటని ఒక మంత్రి అడిగితే ఫారడే పన్నుల గురించి చమత్కారంగా జవాబిచ్చాడని వాట్సాప్‌లో తిరిగే కథ మీరూ చూసుంటారు. ఆయన బతికున్న రోజుల్లో దానికి సాక్ష్యం లేదు. నిజం ఏంటంటే ఆయన ఆ పళ్ళాన్ని పెద్ద యంత్రంగా మార్చే పనే పెట్టుకోలేదు, ఇంకో ప్రశ్న మీదికి వెళ్ళిపోయాడు. 1832లో పారిస్‌లో పిక్సీ చేత్తో తిప్పే జనరేటర్ కట్టాడు. అక్కడినుంచి చేతులు మారుతూ మారుతూ 1920లో మన హుస్సేన్ సాగర్ ఒడ్డుకొచ్చింది, నిజాం ప్రభుత్వం కట్టిన థర్మల్ కేంద్రంగా. ఇప్పుడది లేదు, పడగొట్టేశారు. నాగార్జునసాగర్ ప్రధాన డ్యామ్ దగ్గర ఎనిమిది మెషీన్లున్నాయి, మొత్తం 815.6 మెగావాట్లు. అక్కడ తిప్పేది కృష్ణ నీళ్ళు, ఆ గదిలో తిప్పింది ఒక మనిషి చెయ్యి. లోపల జరిగేది ఒకటే, అయస్కాంత క్షేత్రానికీ తీగకీ మధ్య కదలిక.

ఇప్పుడు ఆ లెక్కల సంగతి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్‌లో నాకు బ్యాక్‌లాగ్ ఉంది. కర్ల్, డైవర్జెన్స్ బోర్డు మీద కనబడితే నాకు చెమటలు. ఫారడే పేపర్లలో ఒక్క సమీకరణం ఉండదు. కాగితం మీద ఇనుప రజను చల్లి, అయస్కాంతం పెట్టి, ఆ రజను గీతలుగా సర్దుకోవడం చూసి, ఖాళీ అనుకున్న చోట బలరేఖలున్నాయని ఆయన నమ్మాడు. తీగ ఆ రేఖల్ని కోస్తే కరెంటు, కోయకపోతే లేదు. గణితం వచ్చిన పెద్దలు చాలామంది దీన్ని బొమ్మల కబుర్లుగా తీసుకున్నారు. పాతికేళ్ళయినా నిండని మాక్స్‌వెల్ ఆ బొమ్మల్లోనే గణితం ఉందని గుర్తుపట్టి, 1855-56లో ఫారడే బలరేఖల మీద పేపరు చదివాడు. 1857లో ఫారడే అతనికి ఉత్తరం రాస్తూ, మీ గణిత ఫలితాల్ని మాలాంటి ప్రయోగాలు చేసేవాళ్ళకి అర్థమయ్యే మామూలు భాషలో కూడా చెప్పొచ్చు కదా అని అడిగాడు. అరవై ఆరేళ్ళ మనిషి, యూరపంతా పేరున్నవాడు, నాకు అర్థం కావట్లేదని ఒక కుర్రాడికి రాశాడు. నాకు క్లాసులో చెయ్యెత్తడానికి రెండేళ్ళు పట్టింది.

దీన్నుంచి లెక్కలు అక్కర్లేదని ఎవరూ తీసుకోకండి. మాక్స్‌వెల్ లేకపోతే ఆ రేఖలు కాగితం మీదే ఉండిపోయేవి. నా బ్యాక్‌లాగ్ కూడా నేనే రాయాలి.

1840 ప్రాంతంలో ఆరోగ్యం దెబ్బతింది, జ్ఞాపకశక్తి జారిపోవడం మొదలైంది. తను ముందే చేసిన ప్రయోగాన్ని మర్చిపోయి మళ్ళీ చేస్తానేమోనన్న భయంతో డైరీలో పేరాలకి నంబర్లు వేసుకునే పాత అలవాటునే గట్టిగా పట్టుకున్నాడు. సర్ బిరుదు వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు. ఆస్తి కూడబెట్టకూడదనే చిన్న క్రైస్తవ శాఖ ఆయనది, చివరిదాకా అలాగే బతికాడు. లైట్‌హౌసులకి సలహాదారుగా ఉన్న రోజుల్లో, 1858లో, సౌత్ ఫోర్‌లాండ్ లైట్‌హౌసులో జనరేటర్‌తో విద్యుద్దీపం వెలిగించి చూశారు. పరీక్షించే బాధ్యత ఆయనదే. తను ఒక్క క్షణం ఊగడం చూసిన ముల్లు సముద్రంలో ఓడలకి దారి చూపడం కళ్ళారా చూశాడు.

1862 మార్చి 12న ఆయన చేసిన చివరి ప్రయోగం, అయస్కాంతం పెడితే మంటలోంచి వచ్చే వెలుగు రంగుల్లో మార్పొస్తుందా అని. డైరీలో పేరాల నంబర్లు అప్పటికి పదహారు వేలు దాటాయి. ఏ మార్పూ కనబడలేదని రాసి వదిలేశాడు. 1896లో ఇంకా మంచి పరికరాలతో జీమన్ చూస్తే ఆ మార్పు ఉంది. ఫారడే 1867 ఆగస్టు 25న, హాంప్టన్ కోర్టులో రాణి ఇచ్చిన ఇంట్లో, కుర్చీలో కూర్చుని పోయాడు. హైగేట్ శ్మశానంలో పేరూ తేదీలూ ఉన్న మామూలు రాయి.

గురువారం కోఠి వెళ్ళేముందు ల్యాబ్‌కి పోయి, అసిస్టెంటు గారిని బతిమాలి ఆ మెషీన్ కనెక్షన్లు చూశాను. ఫీల్డు టెర్మినల్స్ రెండూ తారుమారుగా ఇచ్చుకున్నాం. ఇనుము ఒకసారి అయస్కాంతమయ్యాక పూర్తిగా మర్చిపోదు, కాస్త మిగిలి ఉంటుంది. ఆ మిగిలినదాంట్లో తీగ తిరిగితే కాసిని వోల్టులు వస్తాయి. ఆ కాస్త కరెంటు ఫీల్డులోకి సరైన వైపు పోతే అయస్కాంతం బలపడి వోల్టేజి పాకుతుంది, తప్పు వైపు పోతే ఉన్నదాన్నే చెరిపేస్తూ అక్కడే ఆగుతుంది. మా 6 వోల్టులు అవే. సీనియర్ గ్రాఫు సున్నాకి పైన మొదలైందీ అందుకే.

దొంగ పేజీ తీయించి, ఆ 6 వోల్టుల పేజీ, వైర్లు మార్చాక తీసిన రీడింగులు పెట్టించాను. అప్పటికే కుట్టేసిన రికార్డు, మళ్ళీ విప్పాలి. షాపాయన విసుక్కున్నాడు. ఆ కుర్రాడు దారం తెంపుతుంటే, మొన్న అడిగినదానికి జవాబు చెప్పాను. ఇనుముకి గుర్తుంటుందా అని నవ్వాడు. విప్పి కుట్టినందుకు నలభై రూపాయలు ఎక్కువ తీసుకున్నారు.